పెద్దదాని గుండె

చిరాగ్‌పల్లి,
22 జూలై 2024

చిరంజీవి పూజకు,

అత్తమ్మ దీవెనలు. నువ్వు లింగంపల్లిలో మీ చిన్నమ్మ సుగుణమ్మ ఇంటికి పోయి వారం కూడా కాలేదు, ఇల్లు బోసిపోయింది. మీ మామయ్య పొద్దున టీ తాగుతూ "పూజా, చక్కెర జర తక్కువైంది" అని కేకేశారట. నువ్వు లేవు, నాకు వినపడదు. చివరికి ఆయనే లేచి వేసుకున్నారు. పెళ్ళయ్యాక ఆయన చక్కెర డబ్బా మూత తీయడం ఇదే మొదటిసారి.

ఫోన్ చేయొద్దని మళ్ళీ చెబుతున్నాను. చెవి మిషన్ పెట్టుకుని ఫోన్ ఆనిస్తే ఈల తప్ప మాట వినపడదు. వాట్సాప్‌లో రాస్తానన్నావు, అది మీ మామయ్య ఫోన్‌కే కదా వచ్చేది. ఆయన చదివితే హైవే మీద హోటల్లో కూర్చున్న లారీ డ్రైవర్లందరికీ చదివి వినిపించినట్టే. కడుపుతో ఉన్న పిల్ల ముచ్చట అంతమందికి ఎందుకు? మన ఊరి సదాశివ కూరగాయల వ్యాను రోజూ లింగంపల్లి మార్కెట్‌కు వస్తుంది. సంచిలో తినడానికి ఏదో ఒకటి పెట్టి, అడుగున ఉత్తరం పెడతాను. ఖాళీ సంచిలో నువ్వు జవాబు పెట్టు. అంగన్‌వాడీ టీచరుగా ఇన్నేళ్ళు రాసిన చెయ్యి ఇది, రిటైరయ్యాక రాయకుండా ఉంటే దురద పెడుతోంది.

వినయ్ చెప్పేది నాకు అర్థం కావడం లేదు. ట్రాక్టర్ ఫ్యాక్టరీలో ఏ బోల్టు ఎంత బిగించాలో గంట సేపు చెబుతాడు గానీ, పెళ్ళాం సంగతి అడిగితే "అంత మంచిగనే ఉన్నదమ్మా, ఫికర్ చెయ్యకు" అని చేతితో సైగ చేసి స్నానానికి పోతాడు. కవలలని తెలుసు. ఇద్దరూ ఒకే పోలికలో పుట్టే కవలలనీ తెలుసు. కానీ కవలలను కన్న వాళ్ళు మన ఊళ్ళో లేరా? వాళ్ళెవరూ పెద్ద దవాఖాన పక్కన ఇల్లు చూసుకోలేదే. జహీరాబాద్ డాక్టరమ్మ నిన్ను అక్కడే ఉండమని ఎందుకు అన్నది? పిల్లలకు ఏమైంది? దాచకుండా రాయి.

మీ మామయ్యేమో నువ్వు మీ అక్క పెళ్ళిలో జంట అరటిపండు తిన్నావనీ, తాను కళ్ళారా చూశాననీ అంటున్నారు. ఆ పెళ్ళిలో ఆయన తన విస్తరి తప్ప ఇంకొకరి విస్తరి వైపు చూసినట్టు నాకు గుర్తులేదు.

జొన్నరొట్టెలు, పల్లీల పొడి పంపుతున్నాను. రొట్టెలు మెత్తబడక ముందే తిను. మీ చిన్నమ్మను అడిగానని చెప్పు.

నీ మీదే ధ్యాసగా,
పార్వతమ్మ


లింగంపల్లి,
25 జూలై 2024

అత్తమ్మకు,

నమస్కారం. రొట్టెలు వచ్చిన పూటే అయిపోయాయి. సగం మా చిన్నమ్మే తిన్నది, తిని "మీ అత్త చేతి రొట్టె జర మందం" అని వంక కూడా పెట్టింది. జంట అరటిపండు నేను తినలేదని మామయ్యతో చెప్పండి. తిన్నది మా అక్క. దానికి ఒక్కడే పుట్టాడు.

అడిగారు కాబట్టి దాచకుండా రాస్తున్నాను. చాలామంది కవలలకు ఎవరి మాయ వారికి ఉంటుందట. మన పిల్లలిద్దరికీ ఒకటే మాయ. దాని మీద ఇద్దరి రక్తనాళాలూ కలిసిపోయి ఉన్నాయి. ఒకరి రక్తం ఇంకొకరికి పోతుంది. అటు పోయినంత ఇటు తిరిగి వస్తే ఏ బాధా ఉండదు. మనకు తిరిగి రావడం లేదు. అందుకే ఒకరు పెద్దగా, ఒకరు చిన్నగా ఉన్నారు. చిన్నదాని చుట్టూ ఉమ్మనీరు దాదాపు లేదు. పెద్దదాని చుట్టూ పట్టనంత ఉంది. అయిదో నెలకే నా కడుపు చూసి ఆటోవాళ్ళు "మెల్లగ ఎక్కమ్మా, నెలలు నిండినయా" అంటున్నారు.

పెద్దది, చిన్నది అని రాస్తున్నాను గానీ ఆడపిల్లలో మగపిల్లలో నాకు తెలియదు. అడిగినా చెప్పరు. అడగొద్దని గోడ మీద బోర్డు కూడా ఉంది. ఇద్దరూ ఒకటే అవుతారని మాత్రం తెలుసు.

స్కాన్‌లో చిన్నది ఒక మూలకు అతుక్కుపోయి ఉంది. కాలు చాపడానికి నీళ్ళు లేవు. పక్కనే పెద్దది ఈత కొడుతోంది. చూస్తూ ఏడ్చేశాను. మీ కొడుకు బయట కుర్చీలో నిద్రపోతున్నాడు. రాత్రి డ్యూటీ నుంచి నేరుగా వచ్చాడు, లేపలేదు.

వచ్చే వారం ఇద్దరి గుండెలనూ విడిగా స్కాన్ చేస్తారట. గుండెకు వేరే స్కాన్ ఎందుకని అడిగితే "చూద్దామమ్మా" అన్నారు. ఆ మాట దగ్గర నుంచి నాకు అన్నం సహించడం లేదు.

మీ కోడలు,
పూజ


చిరాగ్‌పల్లి,
28 జూలై 2024

పూజమ్మా,

నీ ఉత్తరం చదివాను. ఆ చిన్నది మూలకు అతుక్కుని ఉందన్న మాట మనసులోంచి పోవడం లేదు.

నాకు ఇది కొత్త సంగతేమీ కాదు. అంగన్‌వాడీలో నెల నెలా పిల్లలను తూచేదాన్ని. ఒకే ఇంటి నుంచి ఇద్దరు వచ్చేవాళ్ళు. ఒకడు బొద్దుగా, ఒకడు పుల్లలా. కార్డు మీద ఒకడి గీత పచ్చరంగులో, ఇంకొకడి గీత ఎరుపులో. గుడ్డు ఇచ్చి పంపితే దారిలోనే పెద్దవాడు చిన్నవాడిది గుంజుకుని తినేవాడు. అందుకని నేను చిన్నవాణ్ణి నా పక్కన కూర్చోబెట్టుకుని, వాడు మింగేదాకా కదిలేదాన్ని కాదు. అట్లా ఎంతమందిని ఎరుపు నుంచి పచ్చకు తెచ్చానో.

మన ఇంట్లోనూ అదే జరుగుతోంది, అది కూడా కడుపులోనే. పెద్దది దొంగ. మీ మామయ్య దానికి అప్పుడే 'కాంట్రాక్టర్' అని పేరు పెట్టారు, అందరి వాటా అదే మింగుతోందని. దాని ఫికర్ నాకు లేదు. కడుపు నిండినది, దాని సంగతి అది చూసుకుంటుంది. చిన్నదాని గుండె బాగా చూడమని డాక్టరుతో గట్టిగా చెప్పు. అది ఏ పక్కన ఉందో కనుక్కుని ఆ పక్కకు తిరిగి పడుకో. తిన్నది కొంచెమైనా అటు పోతుంది.

నువ్వు తినకపోతే ఆ చిన్నదానికి అదీ ఉండదు. నువ్వుల ఉండలు పంపుతున్నాను. మీ చిన్నమ్మకు రొట్టె మందమైతే పళ్ళ డాక్టరుకు చూపించుకోమను.

చిన్నదాని నాయినమ్మ,
పార్వతమ్మ


లింగంపల్లి,
2 ఆగస్టు 2024

అత్తమ్మకు,

మీ ఉత్తరం స్కాన్ రోజు పొద్దున్నే అందింది. వినయ్ వెయిటింగ్ హాల్లో చదివి, కాంట్రాక్టర్ అన్న మాట దగ్గర నవ్వాడు. నేను కూడా నవ్వాను. అది ముందే రాస్తున్నాను, తర్వాత రాసేది చదివి నేను మొదటి నుంచీ కోపంగా ఉన్నానని మీరు అనుకోకూడదు.

గుండె స్కాన్ చేసిన ఆవిడ డాక్టర్ స్నిగ్ధ. నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద ఉంటుందేమో. ముందు ఒక గుండె చూసింది. తర్వాత రెండో దాని దగ్గర ఆగిపోయింది. ఆ చిన్నదే అనుకున్నాను. మీ మాట గుర్తొచ్చి "మేడం, చిన్నదాని గుండె మంచిగ చూడండి" అన్నాను.

"చిన్నదానిది చూసేసిన. మంచిగనే ఉంది" అన్నది. "నేను చూస్తున్నది పెద్దదాన్ని."

స్క్రీన్ నా వైపు తిప్పింది. వేలి కొసంత గుండె. రక్తం పోయే దారి ఎరుపు, నీలం రంగుల్లో కనిపిస్తుంది. ముందుకు పోవాల్సిన రక్తం ఒక వాల్వు దగ్గర వెనక్కి చిమ్ముతోంది. గుండె గోడలు మందమయ్యాయి. మోయలేనంత రక్తం దాని మీద వచ్చి పడుతుంటే, అదంతా నెట్టి నెట్టి అట్లా అయిందట. చిన్నదానికి ఆకలి, పెద్దదానికి ప్రాణం మీదికి వచ్చింది.

వినయ్ అప్పుడు ఒక మాట అన్నాడు. "మేడం, గీ తిప్పలంత పెద్దదాని వల్లనే గదా. దాన్ని తీసేస్తే చిన్నది బతుకుతది గదా. మా అమ్మ గూడ చిన్నదాన్నే చూసుకోమని రాసింది."

నేను బల్ల మీద పడుకుని ఉన్నాను. కడుపు మీద ఆ జెల్ ఆరలేదు. లోపల ఇద్దరూ ఉన్నారు.

డాక్టర్ కోప్పడలేదు. "ఎవరూ ఎవరిదీ గుంజుకోవట్లేదండి. పెద్దది అడగలేదు, చిన్నది ఇస్తా అనలేదు. నాళాలు అట్ల కలిసినయి, అంతే" అన్నది.

ఆరో తారీఖున లేజర్ చేస్తారు. కడుపులోకి సన్నటి గొట్టం పంపి, మాయ మీద ఇద్దరినీ కలిపే నాళాలను ఒక్కొక్కటే మూసేస్తారు. ఆ తర్వాత ఎవరి రక్తం వారిదే. ఇద్దరూ బతకొచ్చు, ఒకరే మిగలొచ్చు, ఎవరూ మిగలకపోవచ్చు అని ముందే చెప్పారు. చిన్నమ్మ, మా నాన్న, అందరూ "ఒక్కరన్న దక్కితే చాలు" అంటున్నారు. ఆ ఒక్కరు ఎవరో అందరూ మనసులో అనుకునే అంటున్నారు.

అది దొంగ కాదు అత్తమ్మా. దాన్ని దొంగ అనే ఇంటికి దాన్ని ఎట్లా తేవాలో నాకు తెలియడం లేదు. ఆ పక్కకూ ఈ పక్కకూ తిరగకుండా వెల్లకిలా పడుకుంటున్నాను.

పూజ


చిరాగ్‌పల్లి,
5 ఆగస్టు 2024

పూజా,

ఈ సంచి నీకు అందేసరికి నువ్వు దవాఖానలో బల్ల మీద ఉంటావేమో. అయినా రాస్తున్నాను.

నీ ఉత్తరం సదాశివ నాకు చేను దగ్గరే ఇచ్చాడు. అక్కడ మీ మామయ్య తల పట్టుకుని కూర్చుని ఉన్నారు. వానలు లేక అల్లానికి బోరు నీళ్ళే పెడుతున్నాం కదా. పై మడికి పోయే పైపు ఎప్పుడు ఊడిందో, నీళ్ళన్నీ కింది మడికే పోతున్నాయి. పైది వాడిపోయిందని మేం రోజూ పై మడి చుట్టే తిరిగాం. కింది మడి ఆకు ఏపుగా, నల్లగా ఉంటే "ఇది మంచిగున్నది, దీని ఫికర్ లేదు" అన్నారు మీ మామయ్య. నేనూ అదే అన్నాను. నిన్న ఆ ఆకు పసుపు తిరిగితే ఒక మొక్క పీకి చూశారు. దుంప చేతిలోనే నీరుగా కారిపోయింది. పక్కది పీకితే అదీ అంతే.

నీ ఉత్తరం నేను ఆ గట్టు మీద నిలబడి చదివాను. ఎంతమంది చెప్పినా ఎక్కనిది అక్కడ ఎక్కింది. నేను జీవితమంతా తూకం చూశాను పూజా. బరువు ఉంటే బాగున్నట్టే అనుకున్నాను. దాని లోపల ఏమవుతోందో చూసే స్కాన్ నాకు ఎవరూ ఇవ్వలేదు, నిజమే. కానీ చూడకముందే దొంగ అని పేరు పెట్టింది నేనే. నా మాట పట్టుకుని నా కొడుకు డాక్టరమ్మ ముందు ఆ మాట అన్నాడంటే, ఆ తప్పు వాడి నోటిది కాదు, నా చేతిది. నీకు కోపం రావాల్సిందే. రాకపోతే ఆ పిల్ల తరఫున మాట్లాడే మనిషి ఎవరూ లేనట్టు.

మీ మామయ్యను పిలిచి, కాంట్రాక్టర్ అన్న మాట ఇంకోసారి వినిపిస్తే అన్నం పెట్టనని చెప్పాను. "నీకెట్ల వినబడతది" అన్నారు. నోరు కదిలినా చాలన్నాను.

నువ్వు ఏ పక్కకు తిరిగితే నీకు హాయిగా ఉంటుందో ఆ పక్కకే తిరిగి పడుకో. తీరిక దొరికినప్పుడు ఒక్క మాట రాయి. ఇద్దరి గురించీ రాయి.

ఇద్దరి నాయినమ్మ,
పార్వతమ్మ


లింగంపల్లి,
20 ఆగస్టు 2024

అత్తమ్మకు,

ఇద్దరూ ఉన్నారు. మీరు ముందు ఈ మాట కోసమే వెతుకుతారని పైనే రాశాను.

ఇన్ని రోజులు రాయనందుకు ఏమనుకోకండి. లేజర్ అయ్యాక పడుకునే ఉండమన్నారు. అదీ కాక, రాస్తే ఏదో దిష్టి తగులుతుందని భయం. నన్ను పూర్తిగా నిద్రపుచ్చలేదు. పక్కన స్క్రీన్ మీద మాయ కనిపించింది, ఎర్రటి నేల మీద వేర్లు పరుచుకున్నట్టు. డాక్టర్ ఒక్కో నాళాన్నీ వెతికి మూసేస్తుంటే నేను కన్నార్పలేదు. మధ్యలో ఒక చిన్న చెయ్యి అడ్డం వచ్చింది. "జర జరుగు బంగారం" అన్నది డాక్టర్. ఎవరి చెయ్యో నేను అడగలేదు.

మొన్న మళ్ళీ గుండె స్కాన్ చేశారు. చిన్నదాని చుట్టూ నీళ్ళు చేరాయి. కాలు చాపింది, చాపి మళ్ళీ ముడుచుకోలేదు. పెద్దదాని వాల్వు దగ్గర వెనక్కి చిమ్మడం బాగా తగ్గింది. గోడల మందం కూడా మెల్లగా తగ్గుతుందట. అయితే గుండె నుంచి ఊపిరితిత్తులకు పోయే దారి దగ్గర ఇంకో వాల్వు సన్నబడి ఉంది. అది తెరుచుకోవచ్చు, ఇంకా సన్నబడొచ్చు. సన్నబడితే పుట్టిన వెంటనే బెలూన్ పెట్టి తెరవాలి. రెండు వారాలకోసారి చూస్తారు.

మీ అల్లం ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. నా కోపం పోయిందని రాయలేను, సగం పోయింది. వినయ్ ఆ రోజు నుంచి పెద్దదాన్ని కాంట్రాక్టర్ అని పిలవలేక, "అది" అని కూడా అనలేక, కడుపు వైపు చూసి చెయ్యి ఊపి పోతున్నాడు. పై మడి కోలుకుందా?

మీ
పూజ


చిరాగ్‌పల్లి,
13 అక్టోబర్ 2024

పూజకు,

దసరా దీవెనలు. మీ మామయ్య జమ్మి ఆకు నీ పేరున దేవుడి దగ్గర పెట్టారు. పై మడి కోలుకుంది.

నీకు ఎనిమిదో నెల వచ్చింది. ఈ నెలలో మన లింగాయతుల్లో కడుపులోని బిడ్డకు లింగం కట్టే ఆచారం మీ పుట్టింట్లోనూ ఉన్నదే. నువ్వు కదలకూడదు కాబట్టి, మఠం అయ్యగారు రేవణసిద్ధప్ప పూజ చేసి ఇచ్చారు. మెడలో కట్టుకునే లింగకాయ డబ్బీలో పెట్టి వినయ్‌తో పంపుతున్నాను. నీ లింగంతో పాటు కట్టుకుని, రోజూ స్నానం కాగానే రెండింటికీ పూజ చెయ్యి. కాన్పు కాగానే బిడ్డకు కడదాం.

బండి బయలుదేరుతోంది. మిగతాది వినయ్ నోటితో చెబుతాడు.

అత్తమ్మ


లింగంపల్లి,
14 అక్టోబర్ 2024

అత్తమ్మకు,

వినయ్ ఏమీ చెప్పలేదు. సంచి ఇచ్చాడు. లింగకాయ విప్పి చూశాను. లోపల ఒక్కటే ఉంది. సంచి దులిపాను, రొట్టెల గుడ్డ విప్పాను, అతని జేబులు వెతికాను. "ఒక్కటేనా?" అని అడిగితే "అమ్మ ఇచ్చింది, నేను తెచ్చిన" అన్నాడు.

కడుపులో ఇద్దరు ఉన్నారని మీకు గుర్తు చేయాల్సిన అవసరం ఉందా?

పోయిన గురువారం స్కాన్‌లో పెద్దదాని వాల్వు ఇంకా సన్నబడిందని తెలిసింది. ఆ సంగతి వినయ్ ఇంట్లో చెప్పే ఉంటాడు. మూడు రోజులకు ఒక్క లింగం వచ్చింది. నేను ఏమనుకోవాలి? దక్కని బిడ్డకు లింగం దండగ అని ఎవరన్నారు? మామయ్యా, అయ్యగారా, మీరా? ఇద్దరి నాయినమ్మ అని సంతకం పెట్టిన ఉత్తరం ఇంకా నా దిండు కింద ఉంది.

"పెద్దోళ్ళు ఏదో అనుకునే పంపుతరు, ఏమనకు" అంటోంది చిన్నమ్మ. ఏదో అనుకునే పంపారని నాకూ తెలుసు. అందుకే అడుగుతున్నాను.

ఆ లింగాన్ని దేవుడి గూట్లో పెట్టాను. కట్టుకోలేదు. ఇద్దరికీ వచ్చేదాకా ఎవరికీ కట్టను.

పూజ


చిరాగ్‌పల్లి,
17 అక్టోబర్ 2024

తల్లీ పూజా,

వినయ్ బండి ఎక్కుతుంటే గేటు పట్టుకుని అంతా చెప్పాను. వాడు హెల్మెట్ పెట్టుకుని తలూపాడు. ఇంట్లో చెవిటిది నేనొక్కదాన్నే అనుకున్నాను. నీ ఉత్తరం వాడి ముందు పెడితే చదివి, తల దించుకుని, "నువ్వేదో పెరుగు గిన్నె ముచ్చట చెప్తున్నవనుకున్న" అన్నాడు. పెరుగు గిన్నెకు అంతసేపు గేటు పట్టుకుంటానా?

అయ్యగారు రెండు ఇచ్చారు. రెండోది నా మెడలో ఉంది.

పెద్దదాని వాల్వు సంగతి వినయ్ చెప్పిన రోజు నాకు నిద్ర లేదు. పొద్దున మఠానికి పోయి, పెద్దదాని లింగం నేను కట్టుకుంటానని అడిగాను. అయ్యగారు ఒప్పుకోలేదు. "కడుపుల ఉన్న బిడ్డ లింగం తల్లే కట్టుకోవాలె. నాయినమ్మ కట్టుకునే పద్ధతి ఎక్కడ లేదమ్మా" అన్నారు. ఇద్దరు బిడ్డలకు ఒకే మాయ ఉండే పద్ధతి మాత్రం ఎక్కడున్నదయ్యా అని అడిగాను. ఆ తల్లి మూడు నెలల నుంచి ఇద్దరి భయం ఒక్కతే మోస్తోంది, కాన్పు దాకా ఒకరి భయమైనా నేను మోస్తానన్నాను. ఆయన నా నుదుట విభూతి పెట్టారు. తర్వాత తన చేత్తోనే కట్టారు.

ఆ పిల్లను అనరాని మాట అన్నది నేను. పొద్దున లేచి దాని పేరున పూజ చేయకుండా మంచినీళ్ళు కూడా తాగడం లేదు. బరువు ఎంతున్నా దాని గుండె చల్లగా ఉండాలని తప్ప వేరే ఏమీ అడగడం లేదు. ఈ సంగతి ఉత్తరంలో రాయడానికి సిగ్గేసింది, అందుకే వాడితో చెప్పి పంపాను. అదే పొరపాటైంది.

తల్లివి నువ్వు. నీకు నచ్చకపోతే ఒక్క మాట రాయి, రేపటి వ్యానులోనే పంపేస్తాను, ఏమీ అనుకోను. దక్కని బిడ్డ అనే మాట మాత్రం ఇంకెప్పుడూ నీ చేత్తో రాయకు.

పార్వతమ్మ


లింగంపల్లి,
18 అక్టోబర్ 2024

అత్తమ్మా,

అది మీ దగ్గరే ఉండనివ్వండి. నా దగ్గరున్నది పొద్దున కట్టుకున్నాను. ఇద్దరూ తన్నుతున్నారు. పెద్దది కొంచెం గట్టిగా.

మీ పూజ


హైదరాబాద్, పిల్లల గుండె దవాఖాన,
9 నవంబర్ 2024

పూజకు,

ఒకే పట్నంలో ఉండి ఉత్తరం రాయడమేమిటని నవ్వకు. నువ్వు చిన్నదానితో కాన్పు దవాఖానలో, నేను పెద్దదానితో ఇక్కడ, మధ్యలో వినయ్ బండి. వాడికి చెప్పి పంపే తప్పు మళ్ళీ చేయను.

నాలుగు రోజుల కింద కాన్పు కాగానే అంబులెన్స్‌లో దీన్ని తెస్తుంటే నీ కళ్ళలోకి చూశాను. పెద్దదాన్ని నాతో పంపడానికి నీ చెయ్యి వెనకాడలేదు. అది నేను మరిచిపోను. ఇద్దరూ ఆడపిల్లలని తెలిశాక మీ మామయ్య హోటల్లో అందరికీ జిలేబీ తినిపించారట. ఇక్కడికి ఫోన్ చేసి వినయ్‌ను విసిగిస్తున్నారు. "పెద్దామె ఎట్లున్నది" అని అడుగుతున్నారట, పేరు పెట్టేదాకా అట్లానే పిలుస్తారట.

నిన్న బెలూన్ పెట్టారు. తొడ దగ్గర నరంలోంచి సన్నటి తీగ గుండె దాకా పంపి, ఆ వాల్వు దగ్గర బెలూన్ ఊదారు. అంత చిన్న తొడలో నరం ఎట్లా దొరికిందో. డాక్టరు మాస్కు తీయకూడదు, నేను పెదాలు చూడకపోతే మాట తెలియదు. ఏదేదో చెప్పాడు, నేను తెల్లమొహం వేసి నిలబడ్డాను. పాపం, అర్థమై, కాగితం మీద గుండె బొమ్మ గీసి చూపించాడు. అంతకుముందు దారి సూది బెజ్జమంత, ఇప్పుడు దాని ఎదురుగా గీసినది పెన్ను పట్టేంత. రక్తం వెనక్కి కొంచెం చిమ్ముతుందట, దానికి భయం లేదట, ఏటా చూపించుకోవాలట. నాకు ఏడుపొచ్చింది. ఆయన బొమ్మ బాగా రాలేదనుకుని మళ్ళీ గీశాడు.

రాత్రంతా దాని కాళ్ళు నీలంగానే ఉన్నాయి. పొద్దుటికి గులాబీ రంగు వచ్చింది. సాల్మన్ అని ఇక్కడ నర్సు ఉన్నాడు, మన రాయికోడ్ వైపు అబ్బాయి. నా చేతులు కడిగించి, అద్దాల పెట్టెకున్న కిటికీలోంచి లోపల పెట్టనిచ్చాడు. దాని రొమ్ము మీద రెండు వేళ్ళు ఆనించాను. డాక్టర్లు ఇన్ని నెలలూ స్క్రీన్ మీద చూసింది నా వేళ్ళకు తగిలింది. నాకు వినపడే అవసరం లేకపోయింది పూజా. చాలాసేపు అట్లానే ఉంచాను. అతను గడియారం వైపు చూశాడు గానీ తీయమనలేదు.

నిన్నటిదాకా గుండెకు బరువవుతుందని దీనికి పాలు చుక్కల లెక్కనే ఇచ్చారు. నువ్వు ఇద్దరికీ సమానంగా సీసాలు నింపి పంపుతుంటే, దీనిది మిగిలిపోయేది. ఇవాళ ముక్కులోని గొట్టం తీసి గిన్నెతో పట్టారు. తాగేసింది. తాగి ఇంకా కావాలని నోరు తెరిచి గోల చేసింది. సాల్మన్ నా వైపు తిరిగి, మాస్కు తీయకుండానే చేతులతో పెద్దగా చూపించాడు. పాలు పెంచమన్నారట.

ఇంకో సీసా ఎక్కువ పంపు పూజా. దీనికి ఆకలవుతోంది.

పార్వతమ్మ